మాట వినడం

“అమ్మగారు అస్సలు మాట వినట్లేదండీ.”

2022 నవంబరులో, ఒక పునరావాస కేంద్రం వరండాలో ఫిజియోథెరపీ చేసే అబ్బాయి నాతో అన్న మాట ఇది. మర్యాదగానే అన్నాడు. కాలు ఎత్తమంటే అమ్మ ఎత్తలేదట. చెయ్యి చాపమంటే అతని మొహంలోకి చూస్తూ కూర్చుందట. నేను లోపలికెళ్ళి, చిన్నప్పుడు అమ్మ నన్ను కసిరినట్టే అమ్మని కసిరాను. “ఏంటమ్మా, చెప్పిన మాట వినాలి కదా!”

ఆ వాక్యం నా నోట్లోంచి వచ్చాక చాలా రోజులు నన్ను వెంటాడింది. మన భాషలో వినడం అంటే చెవిన పడటం. వినడం అంటే గ్రహించడం. వినడం అంటే లోబడటం కూడా. ‘మాట వినే పిల్ల’, ‘ఎవరి మాటా వినని కోడలు’ అన్నప్పుడు మనం చెవుల గురించి మాట్లాడటం లేదు. పక్షవాతం వచ్చిన అమ్మ ‘మాట వినట్లేదు’ అన్నప్పుడు ఈ మూడింటిలో ఏది జరగట్లేదు? ఆ అబ్బాయి గొంతు ఆమెకి వినపడలేదా? వినపడినా అర్థం కాలేదా? అర్థమైనా, నొప్పితోనో విసుగుతోనో ఎత్తనని భీష్మించుకుందా? మూడింటికీ మనకున్నది ఒకే క్రియ. కానీ మూడింటికీ మనం చెయ్యాల్సిన పనులు వేరు. ఆ తేడా తెలుసుకోవడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలల్లో, అమ్మ తరఫున నేను తీసుకోకూడని ఒక నిర్ణయం దాదాపు తీసేసుకున్నాను. ఈ వ్యాసం దాని గురించి.

నేను సాహిత్యంలో పరిశోధన చేసినదాన్ని. స్త్రీల మౌఖిక కథనాల మీద డాక్టరేట్ తీసుకున్నాను. 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ నన్ను ఆ దారి పట్టించిన పుస్తకం. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటల్ని టేపు రికార్డర్ల ముందు కూర్చుని విన్న పరిశోధకులు, వినడాన్నే ఒక రాజకీయ చర్యగా చేశారు. వాళ్ళ వారసురాలిననుకుంటూ నా సిద్ధాంత గ్రంథంలో ‘గొంతు’ అనే మాట ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. గొంతు నొక్కడం, గొంతు విప్పడం, గొంతు కలపడం. ఒక అధ్యాయం పేరైతే ఏకంగా ‘మౌనమే ప్రతిఘటన’. గొంతు అనేది నరాలూ రక్తనాళాలూ ఉన్న వ్యవహారమని మాత్రం ఎక్కడా రాయలేదు.

అమ్మకి అప్పుడు అరవై ఎనిమిదేళ్ళు. తెనాలి దగ్గర పల్లెలో, నాన్న పోయాక ఒక్కతే ఆ పాత ఇంట్లో ఉండేది. ఒక పొద్దున పాలు కాస్తూ పడిపోయింది. మెదడు ఎడమ భాగానికి రక్తం తీసుకెళ్ళే నాళంలో గడ్డ అడ్డుపడింది. కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి. మాట పడిపోయింది. మాట ‘పోయింది’ అనకుండా ‘పడిపోయింది’ అనడం మనవాళ్ళ అలవాటు. ఇందులో ఒక కనికరం ఉందని నాకు తర్వాత తోచింది. పోయింది తిరిగి రాదు, పడిపోయింది మళ్ళీ లేవొచ్చు.

పూర్తిగా మూగబోలేదు. ఒక్క మాట మిగిలింది. “అదికాదే.” ఆకలేసినా అదికాదే, ఆకలి లేకపోయినా అదికాదే. నన్ను చూసినా అదే, అన్నయ్యని చూసినా అదే, మీసాలున్న డాక్టరుగారిని చూసినా అదే. జీవితమంతా పరాయి మగవాళ్ళని ‘అండీ’ లేకుండా పలకరించని మనిషి డాక్టర్ని ‘అదికాదే’ అంటుంటే వదిన సిగ్గుతో తల తిప్పుకునేది.

దీన్ని అఫేజియా అంటారు. స్ట్రోక్ వచ్చినవాళ్ళలో సుమారు మూడోవంతు మందికి ఏదో ఒక స్థాయిలో వస్తుంది. ఇది భాషకి తగిలే దెబ్బ, తెలివికి కాదు. ఏం చెప్పాలో తెలుస్తూనే ఉంటుంది, దానికి మాట దొరకదు. కొందరికి ఎదుటివాళ్ళ మాట పట్టుకోవడం కూడా కష్టమవుతుంది. చదవడం, రాయడం కూడా దెబ్బతింటాయి. ఈ కథ వైద్యశాస్త్రంలో మొదలయ్యేదే ఇలాంటి ఒక్కమాట మనిషితో. 1861లో పారిస్ దగ్గరి బిసెత్ర్ ఆసుపత్రిలో లెబోర్న్ అనే ఆయన చనిపోయాడు. ఇరవయ్యొక్క ఏళ్ళు ఆ ఆసుపత్రిలోనే ఉన్నాడు. ఏమడిగినా ‘టాన్’ అనేవాడు. పాల్ బ్రోకా ఆయన మెదడుని పరిశీలించి ఎడమ నుదుటి భాగానికీ మాటకీ ఉన్న సంబంధం చెప్పాడు. ఆ ప్రాంతానికి బ్రోకా పేరు నిలిచింది. రోగికి మాత్రం వందేళ్ళకి పైగా పాఠ్యపుస్తకాల్లో మిగిలిన పేరు ‘టాన్’. మా కేంద్రంలో ఆయాలు అమ్మకి పెట్టిన పేరు ‘అదికాదే మామ్మ’. ప్రేమగానే పిలిచేవాళ్ళు. మనిషి దగ్గర మిగిలిన ఒక్క ముక్కే మనిషి పేరైపోవడం మాత్రం రెండుచోట్లా ఒకటే.

మూడో వారంలో ఇంకో మాట బయటికొచ్చింది. చూడ్డానికొచ్చిన బంధువుల ముందు, గ్లాసు చేతిలోంచి జారిపోయినప్పుడు, అమ్మ నోటి వెంట స్పష్టంగా ఒక బూతు వచ్చింది. గదంతా నిశ్శబ్దం. నాకు మాత్రం లోపల ఒక రకమైన సంబరం. ఇన్నేళ్ళు అణిచిపెట్టిన కోపం ఇప్పటికి బయటపడిందనుకున్నాను. మనసులో అప్పుడే ఒక వ్యాసం రాసేసుకున్నాను.

స్పీచ్ థెరపిస్ట్ నవ్వింది. తిట్లు, అంకెలు, వారాల పేర్లు, దేవుడి పాటలు కలిసికట్టుగా గుర్తుండిపోయే మాటలని, వాటి దారి మనం కూర్చుకుని మాట్లాడే మాటల దారి కాదని, అందుకే అవి చాలామందిలో మిగులుతాయని చెప్పింది. అమ్మ మంచినీళ్ళు అడగలేదు కానీ మంగళహారతి పాట మొత్తం పాడగలదు. మాటలు రానివాళ్ళకి రాగం ద్వారా మాటలు పలికించే చికిత్సని అమెరికాలో 1973లోనే రూపొందించారు కూడా. ఫ్రెంచి కవి బోదలేర్‌కి 1866లో బెల్జియంలో మాట పడిపోయినప్పుడు ఆయన దగ్గర మిగిలింది ఒక అరకొర ఒట్టు మాటే. సేవ చేస్తున్న సన్యాసినులు దాన్ని దైవదూషణ అనుకుని బెదిరిపోయారు. వాళ్ళు పాపం చూశారు. నేను తిరుగుబాటు చూశాను. ఇద్దరం చూడనిది ఒకటే, ఆ మాట ఆ మనిషి ఎంచుకున్నది కాదని. అమ్మ బూతుకి తిరుగుబాటు అనే అర్థం నాకు కావాలి. ఆమెకి కావల్సింది మంచినీళ్ళు.

అక్కడ నా ‘మౌనమే ప్రతిఘటన’ అధ్యాయం నాకు గుర్తొచ్చింది. అందులోని స్త్రీల మౌనాలన్నిటినీ నేనెంత ధైర్యంగా చదివేశానో! కొన్ని నిజంగా ప్రతిఘటనలే కావొచ్చు. కొన్ని అలసటలు కావొచ్చు. ఎవరికైనా నా ప్రశ్న సరిగ్గా వినపడక కూడా ఊరుకుని ఉండొచ్చు. ఆ మూడో అవకాశం నాకెప్పుడూ తట్టలేదు.

అమ్మ విషయంలో జరిగింది అదే. స్ట్రోక్‌కి మూడేళ్ళ ముందే ఆమెకి చెముడు మొదలైంది. దాన్ని కనిపెట్టడానికి మాకే చాలా కాలం పట్టింది. పిలిస్తే పలక్కపోతే ‘ధ్యాస ఎక్కడో పెట్టుకుంటుంది’ అనేవాళ్ళం. ఫోన్లో పొంతన లేని జవాబు చెబితే నవ్వుకునేవాళ్ళం. నాన్నకి కంటిచూపు మందగిస్తే వారంలో ఆసుపత్రికి తీసుకెళ్ళిన ఇల్లు అది. వంటింట్లో ఉండే మనిషి చెవుల గురించి ఎవరూ పెద్దగా ఆలోచించలేదు. చివరికి 2019లో నేనే చెవి మిషన్లు కొనిచ్చాను. సీరియళ్ళు చూసేటప్పుడు పెట్టుకునేది.

ఆసుపత్రిలో ఎమ్మారైకి తీసుకెళ్ళేముందు ఒంటి మీద లోహం ఉండకూడదు కదా. నర్సు గాజులు, దుద్దులు, గొలుసు, ఆ రెండు మిషన్లు అన్నీ తీసి ఒక కవర్లో వేసి వదిన చేతిలో పెట్టింది. బంగారం వస్తువుకి వస్తువు సరిచూసుకుని సంతకం పెట్టాం. ఆ సాయంత్రమే బంగారం బీరువాలోకి వెళ్ళింది. మిషన్లు అదే కవర్లో, వదిన హ్యాండ్‌బ్యాగ్ అడుగున నాలుగు నెలలు ఉండిపోయాయి. నేనూ ఆ కవరు చూశాను. నాకూ గుర్తుకు రాలేదు. ఎందుకంటే అమ్మ జవాబు చెప్పకపోవడానికి మాకు అప్పటికే ఒక పెద్ద కారణం దొరికింది. పెద్ద జబ్బు వచ్చాక చిన్న జబ్బుని ఎవరు పట్టించుకుంటారు?

వయసుతో వచ్చే చెముడులో ముందు పోయేది సన్నని ధ్వనులు. అచ్చులు వినపడతాయి. స, ష, త, క లాంటి హల్లుల అంచులు అరిగిపోతాయి. అంటే ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏమన్నారో తెలియదు. పైన ఫ్యాను, పక్క మంచం దగ్గర టీవీ ఉంటే ఇంకా కష్టం. అరిస్తే శబ్దం పెరుగుతుంది, స్పష్టత రాదు. చెవి బాగున్న మనిషికైతే అఫేజియాలో కనీసం సగం మాట అందుతుంది. అమ్మకి ఆ సగంలో మళ్ళీ సగమే. విరిగిన అద్దంలో అస్పష్టమైన బొమ్మని చూపిస్తూ ‘ఇదేమిటి’ అని అడిగినట్టు ఉంది మేం చేసింది. ఆమె తప్పు చెప్పినప్పుడల్లా ఒక మార్కు తీసేశాం. మొదటి పరీక్షలో ఆమెకి ‘గ్రహణశక్తి తీవ్రంగా దెబ్బతింది’ అని రాశారు. ఆ కాగితం మా ఇంట్లో ఎంత పని చేసిందో చెబుతాను.

అమ్మ పేరున ఉన్నది ఆ పల్లెలో ఇల్లొక్కటే. ఆసుపత్రి ఖర్చులు అన్నయ్య మీద పడ్డాయి. ఇల్లు అమ్మేసి, ఆ డబ్బుతో చికిత్స చేయించి, అమ్మని హైదరాబాదు తీసుకెళ్ళి నా దగ్గర పెట్టుకోవాలనేది ప్రతిపాదన. అన్నయ్య దుర్మార్గుడు కాదు. అప్పు నిజం. ప్రతిపాదనలో రెండో సగం నాదే. కొడుకు దగ్గరే ఉండాలనే ఆచారాన్ని ధిక్కరించి తల్లిని తెచ్చుకునే కూతుర్ని కదా అని కొంచెం గర్వం కూడా. అమ్మని అడిగాం. “ఇల్లు అమ్మేద్దామా అమ్మా?” “అదికాదే.” “నా దగ్గరికి వస్తావా?” “అదికాదే.” అన్నిటికీ అదే అంటుంది కాబట్టి దానికి అర్థం లేదనుకున్నాం. దస్తావేజులు రాసే ఆయన ఇంకా సులువు చేశాడు. “మాట రాకపోతే ఏమమ్మా, తల ఊపి వేలిముద్ర వేస్తే చాలు.”

నైతికంగా నన్ను ఇప్పటికీ ఇబ్బంది పెట్టే ముడి ఇక్కడే ఉంది. అఫేజియాలో ‘అవును’, ‘కాదు’ తారుమారు కావడం మామూలే. తల ఊపడం కూడా నమ్మదగ్గది కాదు. అవుననబోయి కాదని, కాదనబోయి అవునని అనేస్తారు. అలాంటప్పుడు ఆమె ‘కాదు’ని కాదుగా తీసుకోవాలా, జబ్బుగా తీసుకోవాలా? స్త్రీ కాదంటే కాదనే అర్థమని వీధుల్లో నినాదాలిచ్చిన తరం మనది. ఆ నినాదం, మాట మీద అదుపు ఉన్న స్త్రీని ఊహించుకుని తయారైంది. అదుపు లేని నోటిలోంచి వచ్చిన ‘కాదు’కి మన దగ్గర సూత్రం లేదు. దాన్ని పట్టించుకోకపోతే ఆమెని తుడిచేసినట్టు. పట్టించుకుంటే, ఆమె అననిదాన్ని ఆమెకి అంటగట్టినట్టు కావొచ్చు. సబాల్టర్న్ మాట్లాడగలదా అని గాయత్రి స్పివాక్ 1988లో వేసిన ప్రశ్నని నేను తరగతిలో ఎన్నో ఏళ్ళు పాఠం చెప్పాను. అక్కడ అసలు విషయం నోరు లేకపోవడం కాదని, ఆమె అన్నదాన్ని అందుకునే ఏర్పాటు లోకంలో లేకపోవడమని విద్యార్థులకి వివరించేదాన్ని. మా అమ్మకి ఆ ఏర్పాటు ఏమిటో నేను ఆలోచించలేదు. అది వదిన హ్యాండ్‌బ్యాగ్‌లో ఉంది.

దాన్ని వెతికించింది స్పీచ్ థెరపిస్టే. “ఈవిడకి ముందు నుంచి చెవులు ఎలా ఉండేవి?” అని నాలుగు నెలల్లో మొదటిసారి అడిగిన మనిషి ఆమె. బ్యాటరీలు చచ్చిపోయి ఉన్నాయి. కొత్తవి తెచ్చాం. కుడి చెయ్యి పనిచెయ్యదు కాబట్టి అమ్మ తనంతట తాను పెట్టుకోలేదు. రోజూ పొద్దున ఎవరో ఒకరు పెట్టాలి, రాత్రి తియ్యాలి. మొదటి రోజు పెట్టగానే ఏ అద్భుతమూ జరగలేదు. ఫ్యాను చప్పుడుకి మొహం చిట్లించి మిషను లాగేసింది. పదో రోజుకి, వెనకనుంచి పిలిస్తే తల తిప్పింది. మాట రాలేదు. కానీ ‘గ్రహణశక్తి తీవ్రంగా’ అన్నది ‘ఒక మోస్తరుగా’ అయింది.

అప్పుడు ఆ ప్రశ్నని మళ్ళీ అడిగాం. ఈసారి అడిగే పద్ధతి వేరు. టొరంటోలో ఆరా కేగన్ అనే స్పీచ్ థెరపిస్ట్ 1990ల్లో రూపొందించిన పద్ధతి అది. ‘నీకు తెలుసని నాకు తెలుసు’ అని ముందు ఆ మనిషికి తెలియజెయ్యడం అందులో మొదటి మెట్టు. తర్వాత మన మాట ఆమెకి చేరిందా చూడాలి. ఆమె జవాబు బయటికి రావడానికి దారి ఇవ్వాలి. చివరగా, మనకి అర్థమైంది సరైనదేనా అని తిరిగి ఆమెనే అడగాలి. టీవీ ఆపేశాం. మా మొహాల మీద వెలుతురు పడేలా కూర్చున్నాం. పొట్టి వాక్యాలు. ఒక కాగితం మీద ‘అమ్మడం’, ఇంకోదాని మీద ‘ఉంచడం’. పక్కన ఇంటి ఫొటో. ఆమె ఎడమ చెయ్యి ‘ఉంచడం’ మీద పడింది. కాగితాల చోట్లు మార్చాం. మళ్ళీ ‘ఉంచడం’. రెండు రోజులాగి ప్రశ్న తిరగేసి అడిగాం. మళ్ళీ అదే. తర్వాత మూడు ఫొటోలు పెట్టాం. అన్నయ్య గుంటూరు ఫ్లాటు, నా హైదరాబాదు ఫ్లాటు, పల్లెలో ఇల్లు. నేను నా ఫొటో ఆమె చేతికి దగ్గరగా పెట్టానని థెరపిస్ట్ గమనించి జరిపింది. నేను గమనించలేదు. అమ్మ పల్లె ఇంటిని చూపించింది. నా వైపు చూస్తూ, చాలా మెల్లగా, “అదికాదే” అంది. ఆ ఒక్క మాటలో ఇంతకాలం రకరకాల రాగాలున్నాయని అప్పుడు విన్నాను. ఇది బతిమాలే రాగం.

మనస్ఫూర్తిగా చెబుతున్నాను, నాకు బాధేసింది. అమ్మ నా మాట వినలేదు.

ఇంకొకరి తరఫున మాట్లాడటం తప్పా అనే ప్రశ్నకి సిద్ధాంతాల్లో నేను నేర్చుకున్న జవాబు చాలా వరకు ‘తప్పే’. అఫేజియా ముందు ఆ జవాబు నిలబడదు. అమ్మ తరఫున ఎవరూ మాట్లాడకపోతే ఆమెకి మంచినీళ్ళు కూడా అందవు. స్వీడిష్ కవి తోమాస్ ట్రాన్స్‌ట్రోమర్‌కి 1990లో స్ట్రోక్ వచ్చి మాట దాదాపు పోయింది. తర్వాత కూడా కవిత్వం వెలువరించాడు, ఎడమచేత్తో పియానో వాయించాడు. 2011లో నోబెల్ వచ్చినప్పుడు ఉపన్యాసం బదులు సంగీతం, కవితల పఠనం జరిగాయి. లోకానికీ ఆయనకీ మధ్య ఉన్నది భార్య మోనికా. ఆయన ఒకటి రెండు మాటల్ని ఆమె వాక్యాలు చేసేది. ఆమె చేసింది దురాక్రమణ అని ఎవరం అనం. కానీ ఆ ఉదాహరణ చదివినప్పుడల్లా నాకొక ప్రశ్న. కవి భర్త అరమాటల్ని నేర్చుకునే భార్యలు లోకంలో ఉంటారు. భార్య అరమాటల్ని నేర్చుకునే భర్తలెందరు? నాన్న బతికుంటే ఏం చేసేవాడో తెలియదు. అమ్మ నిండు వాక్యాలు మాట్లాడినప్పుడు ఆయనకి వినే అలవాటు లేదని మాత్రం తెలుసు.

కాబట్టి గీత మాట్లాడటానికీ ఊరుకోవడానికీ మధ్య లేదు. నేను ఆమె తరఫున ఒక వాక్యం అన్నాక, దాన్ని కొట్టేసే వీలు ఆమె చేతిలో ఉందా లేదా అన్నదే గీత. ‘ఇదేనా నువ్వన్నది?’ అని ఆగానా? ఆమెకి వినపడే చోట, అర్థమయ్యే వేగంలో ఆగానా? ఆమె కాదంటే నా వాక్యాన్ని వదులుకోగలిగానా? ఈ మూడూ లేకపోతే ఎంత ప్రేమతో మాట్లాడినా అది ఆమె నోట్లో నా మాట పెట్టడమే.

మన చట్టం కూడా కాగితం మీద ఇటే జరిగింది. 1995 నాటి వికలాంగుల చట్టంలో అఫేజియా లేదు. 2016 చట్టం మాట, భాష వైకల్యాల్లో దాన్ని పేరుపెట్టి చేర్చింది. ఆ చట్టం 14వ సెక్షన్, సంరక్షకుడే అన్నీ నిర్ణయించే పాత పద్ధతి బదులు, పరస్పర అవగాహనతో, నమ్మకంతో ఇద్దరూ కలిసి నిర్ణయం తీసుకునే పరిమిత సంరక్షకత్వం గురించి చెబుతుంది. చదవడానికి చాలా బాగుంది. కానీ ఆ అవగాహన కుదరడానికి నిశ్శబ్దమైన గది, అరగంట సమయం, రెండు కాగితాలు, బ్యాటరీ ఉన్న చెవి మిషను కావాలి. తల ఊపితే చాలనే చోట ఇవేవీ ఉండవు.

ఇల్లు అమ్మలేదు. అప్పు తీర్చడానికి నేను నా జీతం మీద లోను తీసుకున్నాను. అన్నయ్య కొన్నాళ్ళు నాతో మాట్లాడలేదు. అమ్మ పల్లెలోనే ఉంటోంది. పక్కింటి ఆమెకి నెలకింత ఇచ్చి తోడు పెట్టాం. ఆమె రోజూ పొద్దున మిషన్లు పెడుతుంది. 2024లో అమ్మ స్నానాల గదిలో ఒకసారి జారిపడింది. నా దగ్గర ఉండుంటే పడేది కాదని బంధువులన్నారు. నిజమే కావొచ్చు. ఒక మనిషి ఇష్టాన్ని గౌరవించడమంటే దాని ఫలితం మనకి నచ్చుతుందని హామీ కాదు. ఆ రాత్రి ప్రయాణం చేసి వెళ్ళాను. మళ్ళీ కాగితాలు పరిచాను. ఈసారి నా ఫొటోని దూరంగానే పెట్టాను. ఆమె జవాబు మారలేదు.

ఆదివారాలు వీడియో కాల్ చేస్తాను. పక్కింటామె ఫోన్ ఎదురుగా నిలబెట్టి వెళ్ళిపోతుంది. ఇప్పుడు అమ్మ దగ్గర పదిహేను మాటల దాకా ఉన్నాయి. “అదికాదే” ఇంకా ముందు వస్తుంది. ఆ తర్వాత ఒక ఖాళీ. ఆ ఖాళీలోకి దూకి వాక్యం పూర్తి చెయ్యాలని నా నాలుక చివర పది మాటలుంటాయి. కాఫీనా, కాలా, అన్నయ్యా, జామచెట్టా? అడక్కుండా కూర్చుంటాను. ఒక్కోసారి మాట వస్తుంది. ఒక్కోసారి రాదు, అమ్మే విసుగ్గా చెయ్యి ఊపి నవ్వేస్తుంది. పోయినవారం చాలాసేపటికి వచ్చింది. “అదికాదే… నువ్వు… తిన్నావా?”